నాకు కనపడని ఎరుపు

మా ఊరు నగరి. పొద్దన్న లేస్తే మగ్గాల మోత. కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి రోజు చెవుల్లో దూది పెట్టుకుంటారు. మాకు ఆ మోత నిలిచిపోతేనే దిగులు, కరెంటు పోయిందేమోనని.

నేను చెప్పబోయేది నాకు నలభై నిండే ముందర జరిగింది. ఎనభయ్యో దశకం మొదటి యేండ్లు అనుకోండి. మా నాయన బతుకంతా గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకోని నేసినాడు. ఆయన పొయినాక నేను ఆ మగ్గం తీసేసి రెండు పవర్‌లూములతో మొదలుపెట్టినాను. పదేండ్లకు అవి పన్నెండు అయినాయి. షెడ్డులో ఇరవై మంది దాకా పనిచేసేవాళ్ళు. నేయించేది నూలు చీరలు. ఒళ్ళు ఒక నిండు రంగు, అంచు దానికి ఎదురు రంగు. ఎక్కువ భాగం తిరపతికే పొయ్యేవి. కొండకు వచ్చినోళ్ళు తిరిగి పొయ్యేటప్పుడు అమ్మకో అత్తకో ఒక చీర తీసుకోని పోతారు కదా, ఆ మాదిరి చీరలు.

మిషన్ల పని నాకు బాగా పట్టుబడింది. షెడ్డు ఈ మూల నిలబడి ఆ మూల మగ్గంలో తెగిన పోగును కనిపెట్టేవాణ్ణి. "నీ కండ్లకు దిష్టి తీయాలప్పా" అనేవాళ్ళు మా పనోళ్ళు. ఆ మాట నేను నమ్మినాను. నమ్మి ఊరుకోకుండా దాన్ని ఇంకా పెంచుకున్నాను. పోగును పట్టే కన్ను రంగును కూడా పడతాదిలే అనుకున్నాను. ఏ కాలానికి ఏ రంగులు నేయాల, ఏ ఒంటికి ఏ అంచు వేయాల అనేది ఎవుర్నీ అడగకుండా నేనే తేల్చేవాణ్ణి. రంగులమ్మే వాళ్ళు ఇచ్చిన అట్ట ఒకటి ఉండేది. దాని మీద వరసగా రంగు నూలు ముక్కలు అతికించి, కింద నంబర్లు వేసి ఉంటారు. నేను వేలు పెట్టి చూపించేది, రంగులేసే ఆయన తల ఊపేది. అదీ మా పద్ధతి.

ఆయన్ని నేను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మా నాయన వయసులో ఉన్నప్పటి నుంచీ మా నూలుకు ఆయనే రంగు వేసినాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. పెరట్లో బావి పక్కన ఆయన తొట్లు, పొయ్యి, దండేలు. నూలు కట్టల్ని, చిలపలంటాము మేము, రంగునీళ్ళలో ముంచి, కట్టెతో తిప్పి, పిండి, దండెం మీద ఆరేసేవాడు. తడి మీద ఒక రంగు, ఆరినాక ఇంకో రంగు. ఆరితే ఎట్లుంటాదో ఆయనకు తడి మీదే తెలుసు. మోచేతుల దాకా చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి.

తిరపతిలో ఒక పెద్ద బట్టలంగడి షావుకారు నన్ను చూసినప్పుడల్లా అనేవాడు: "నేసేవాళ్ళకేమప్పా, నగరి నిండా ఉండారు. రంగు తెలిసినోడివి మట్టుకు నువ్వే." ఇంటికొచ్చి ఆ మాట మా ఇంటామెకు చెప్పేవాణ్ణి. ఆమె చిన్నగా నవ్వి వంటింట్లోకి పొయ్యేది. ఆ నవ్వు సంతోషమే అనుకున్నాను.

ఒక యేడు బ్రహ్మోత్సవాలకని పెద్ద లాటు మొదలుపెట్టినాను. నిండు ఆకుపచ్చ ఒంటికి దానిమ్మ గింజ మాదిరి ముదురు ఎరుపు అంచు. అదీ నా మనసులో ఉన్నింది. అట్ట మీద అంచు రంగు చూపించి నంబరు కూడా చెప్పినాను. రెండు రోజులకు ఊరికే తొట్ల కాడికి పోతే, ఆడ పడి ఉన్న ఖాళీ రంగు డబ్బా మీద వేరే నంబరు ఉన్నింది. నంబర్లు నేను మర్చిపోను.

"ఇదేంది చిన్నాయనా? నేను చెప్పిన నంబరు ఇది కాదే?" అన్నాను.

ఆయన చేతిలో కట్టె పక్కన పెట్టినాడు. "కాదప్పా."

"మరి?"

"నువ్వు చూపించింది ఈ ఒంటికి కుదరదు. మార్చినా."

"ఇట్లా ఎన్నిసార్లు మార్చినావు?"

తడి చిలప ఒకటి ఒక చేత్తో, అట్ట మీద నేను చూపించిన ముక్క ఒక చేత్తో నా మొగానికి ఎదురుగా పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగినాడు. "నిజం చెప్పప్పా. ఈ రెండూ నీకు వేరే వేరేగా కనపడతా ఉండాయా?"

చూసినాను. ఒకటి రవ్వంత ముదురు, ఇంకోటి రవ్వంత లేత. అంతకు మించి తేడా లేదు. ఆ రవ్వంత తేడా కోసం నా మాట దాటినాడా అని ఒళ్ళు మండింది. ఆ పక్కనే వరండాలో కండెలు చుట్టే ఆడోళ్ళు రాట్నాలు ఆపి చూస్తా ఉండారు. వాళ్ళ ముందర నా కండ్లకు పరీక్ష పెడతాడా అనిపించింది.

"నా షెడ్డులో నా మాట జరగాల. జరగదంటే నీ దోవ నువ్వు చూసుకో" అన్నాను.

ఆయన బావి కాడ చేతులు కడుక్కున్నాడు. కట్టె, తువ్వాలు తీసుకున్నాడు. మర్నాడే కూతురి ఊరు పలమనేరుకు పొయినాడని తెలిసింది.

అన్నం పెడతా మా ఇంటామె అనింది: "ఆయన్ని పంపకుండా ఉంటే బాగుండు. రంగుల కాడ ఆయన కన్ను మనకు కావాల."

"షెడ్డు సంగతి నాకు తెలుసు" అన్నాను.

ఆయన తావున అరవదేశం నుంచి ఒక కుర్ర రంగులాయన్ని పెట్టినాను. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. నంబరుకు నంబరు. ఇన్నాళ్ళకు పని తెలిసినోడు దొరికినాడనుకున్నాను. లాటు నేసినన్ని రోజులు షెడ్డులో ఎవురూ ఒక్క మాట అనలేదు. నేసేవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారంట. అది నాకు శానా నాళ్ళ తర్వాత తెలిసింది.

మూటలు తిరపతికి పంపిన నాలుగో రోజు షావుకారు నుంచి కబురొచ్చింది, ఒకసారి వచ్చిపొమ్మని. మొదటి బస్సుకే పొయినాను. మెచ్చుకోడానికే పిలిచినాడనుకున్నాను. అంగడి కిటకిటలాడతా ఉండాది. గుండు చేయించుకోని గంధం పూసుకున్న జనం. షావుకారు నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, మా మూటలోని చీర ఒకటి పరిచినాడు. పక్కన, పోయిన యేడు మిగిలిన మా చీరే ఇంకోటి పరిచినాడు.

"ఇది ఎవురు చూసి నేయించినారప్పా?" అన్నాడు.

"నేనే. ఎప్పుడూ నేనే కదా!"

"రెండూ బాగా చూడు."

చూసినాను. రెండూ ఆకుపచ్చ చీరలే. రెండింటికీ ముదురు అంచే. "పోయినేడు మాదిరే ఉండాదే" అన్నాను.

షావుకారు నా మొగం చూసినాడు. ఎగతాళి చేస్తా ఉండానేమో అని చూసినట్టు ఉన్నింది ఆ చూపు. పక్కన చీరలు బేరం చేస్తా ఉన్న ఒక ముసలామెను పిలిచినాడు. "అవ్వా, ఈ రెండిట్లో నీకేది కావాల?"

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. పాత చీర మీద చెయ్యేసింది. "ఇది నిగనిగలాడతా ఉండాది నాయనా. ఆ రెండోదాని అంచు ఏందట్లా, పేడ అలికినట్టు!"

చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నేను నమ్మలేదు. ఇది ఇంకో మగ్గాలాయన పన్నిన పన్నాగం, షావుకారు ఆయనతో కలిసి నా సరుకు తిప్పి పంపాలని ముసలామెకు నేర్పి పెట్టినాడు, అనుకున్నాను. కొండకు యాడి నుంచో వచ్చిన మనిషి, ఆ ముసలామె ఎవరో ఆయనకే తెలీదు. అయినా అట్లనే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు వింతగా ఉండేది అదే. మొత్తం అంగడి ఒక మాట చెప్తే, ఆ అంగడంతా అబద్ధం అనుకోడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా కంట్లో ఏమన్నా లోపం ఉండాదేమో అన్న ఆలోచన మట్టుకు దగ్గరికి కూడా రాలేదు.

మూటలన్నీ తిరిగొచ్చినాయి. షెడ్డులో ఒక మూలకు పేర్చి పెట్టినాము.

ఆ వారంలోనే చిత్తూరు నుంచి నా చెల్లెలు వచ్చింది, కొడుకును వెంటబెట్టుకోని. నా మేనల్లుడు డిగ్రీ చదివి రైల్వే ఉద్యోగానికి పరీక్ష రాసినాడు. రాతపరీక్షలో నెగ్గినాడు. డాక్టరు పరీక్షలో తీసేసినారు. ఇరవై రెండేండ్ల పిల్లోడు, తల వంచుకోని కూర్చున్నాడు.

"వీడికి రంగులు కనపడవు అన్నారంట అన్నా" అని చెల్లెలు ఏడ్చింది. "వీడికి ఆకాశం నీలంగా కనపడదా? అరటాకు పచ్చగా కనపడదా? ఎవురికో ఆ ఉద్యోగం ఇయ్యాలని చేసిన పని ఇది."

"మన ఇంట్లో రంగులు కనపడనోడా!" అన్నాను నేను. "మనది తరాలుగా రంగుల్లో బతికిన ఇల్లు. పదండి, చిత్తూర్లో మంచి కండ్ల డాక్టరు కాడ రాయించుకోని వద్దాము. ఆ కాయితం వాళ్ళ మొగాన కొడదాము."

మర్నాడు ముగ్గురమూ చిత్తూరికి పొయినాము. డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. నేను చెప్పిందంతా విని, బీరువాలోంచి ఒక పుస్తకం తీసినాడు. పుస్తకం నిండా గుండ్రటి బొమ్మలు. ఒక్కో బొమ్మ నిండా చిన్నా పెద్దా చుక్కలు, కుంకుడు గింజలు, పెసలు కలిపి పోసినట్టు. మేనల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. నేనూ చెల్లెలూ వాడి వెనక నిలబడినాము.

మొదటి బొమ్మలో ఒక అంకె కొట్టొచ్చినట్టు ఉన్నింది. వాడు చెప్పినాడు. డాక్టరు పేజీ తిప్పినాడు. వాడు చూసినాడు, చూసినాడు, ఏమీ అనలేదు. నాకు కోపం వచ్చింది.

"ఏం చెప్తాడండీ? దాంట్లో ఏమీ లేదు కదా" అన్నాను. "వట్టి చుక్కలు."

డాక్టరు తలెత్తి నన్ను చూసినాడు. నా పక్కన చెల్లెలు మెల్లిగా అనింది: "తొంభై ఏడు కదన్నా. అంత పెద్దగా ఉండాదే."

నేను నవ్వినాను. ఊరికే ఏదో చెప్తా ఉండాదనుకున్నాను. నా చెల్లెలు చదివింది మూడో తరగతి దాకానే. డాక్టరు ఇంకో పేజీ తిప్పినాడు. ఆమె అంకె చెప్పింది. ఇంకోటి. అదీ చెప్పింది. బియ్యంలో రాళ్ళేరేటప్పుడు ఎట్లా చూస్తాదో అంత తేలిగ్గా చూసి చెప్తా పొయింది. నాకూ మేనల్లుడికీ చుక్కలు తప్ప ఏమీ లేవు.

తర్వాత డాక్టరు ఇంకో బొమ్మ తీసి, "దీంట్లో ఏముందమ్మా?" అని చెల్లెల్ని అడిగినాడు.

"దీంట్లో ఏమీ లేదు సామీ" అనింది.

మేనల్లుడూ నేనూ ఒకేసారి "అయిదు" అన్నాము.

ఆ అయిదు నాకు అంత స్పష్టంగా కనపడతా ఉండాది. నా చెల్లెలు ముందుకు వంగి, కండ్లు చిట్లించి, "యాడుండాదన్నా? యాడ?" అని వేలితో తడుముతా ఉండాది. ఒక తల్లి కడుపున పుట్టినోళ్ళము. ఒక కంచంలో తిన్నోళ్ళము. ఒకే కాయితం ముందర నిలబడి రెండు లోకాలు చూస్తా ఉండాము. నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడినాయి. భయం కాదు అది. గుళ్ళో తెర తీసినప్పుడు ఒక్క క్షణం ఊపిరి నిలిచిపోతాదే, అట్లా ఉన్నింది.

"ఇది జబ్బు కాదు" అన్నాడు డాక్టరు. "పుట్టుకతో వస్తుంది. తల్లి వైపు నుంచి మగబిడ్డలకు వస్తుంది. ఎరుపు, పచ్చ తేడా సరిగ్గా తెలీదు. చాలామందికి తమకు ఉన్నట్టే తెలీదు. ఇంతకూ మీరేం పని చేస్తారు?"

"రంగు చీరలు నేయిస్తానండీ."

ఆయన చేతిలో పెన్ను కింద పెట్టినాడు. నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చెల్లెల్ని మేనల్లుణ్ణి వాళ్ళింటి కాడ దించి పోదామంటే, చెల్లెలు ఒప్పుకోలేదు. కొడుకును ఇంటికి పంపేసి, నా మొగం చూసి, "నేనూ నీతో నగరి దాకా వస్తా" అనింది. వానలు పడిన తర్వాతి రోజులు అవి. దోవ పొడుగునా శనక్కాయ చేలు, మామిడితోటలు.

"ఆ చేనుకూ ఆ మట్టికీ ఏం తేడా?" అని అడిగినాను.

"ఏం తేడా ఏందన్నా? మట్టి ఎర్రగా ఉండాది, చేను పచ్చగా ఉండాది. గీత గీసినట్టు."

నాకు గీత కనపడలేదు. మట్టి, చేను, ఒకటి ఇంకోదాంట్లో కలిసిపోయి ఉన్నింది, ఎప్పుడూ ఉన్నట్టే. ఇరవై ఏండ్లుగా ఆ దోవలో తిరిగినాను. అదే దోవ అనుకున్నాను. ముందు సీట్లో ఒకామె జడలో కనకాంబరాలు, మరువం కలిపి కట్టిన దండ ఉన్నింది. దాన్ని చూపించి అడిగితే చెల్లెలు, పువ్వులు నిప్పు కణాల మాదిరి ఉండాయి, మరువం పచ్చగా ఉండాది, అందుకే కదా కలిపి కడతారు అనింది. కలిపి ఎందుకు కడతారో నాకు ఆ రోజు దాకా తెలీదు. వాసనకనుకున్నాను.

ఇంగ గుర్తుకు రావడం మొదలుపెట్టినాయి. తొలకరి వాన పడితే పిల్లోళ్ళంతా గడ్డిలో ఎర్రటి ఆరుద్ర పురుగులు ఏరేదానికి పొయ్యేవాళ్ళు. అందరి అగ్గిపెట్టెలు నిండేవి. నాకు ఒక్కటీ దొరికేది కాదు. గడ్డిలో మోకాళ్ళ మీద దేకినా దొరికేది కాదు. నాకు అదృష్టం లేదనుకున్నాను. మామిడికాయ మాగిందా లేదా అని చూడమంటే ముక్కు పెట్టి చూసేవాణ్ణి. నా ముక్కు గొప్పదనుకున్నాను. ఒక్కొక్కటే గుర్తొస్తా ఉంటే, బస్సులో కూర్చోని నలభై ఏండ్ల బతుకు మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాను. చీకటి అయితే చీకటని తెలుస్తాది, దీపం పెట్టుకుంటాము. నాకు కనపడనిది చీకటిగా లేదు. ఆ తావున ఏదీ కొరత ఉన్నట్టే లేదు. అందుకే తెలీలేదు.

ఇంటికి వచ్చి మా ఇంటామెను కూర్చోబెట్టి చెప్పినాను. ఆమె ఆశ్చర్యపోతాదనుకున్నాను. ఆమె నా కాళ్ళ వైపు చూస్తా ఉండిపొయింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"పెండ్లయిన నెలకే తెలుసు. నాకోసం ఎర్ర రవిక గుడ్డ తెచ్చినానని చెప్పి గోధుమరంగుది తెచ్చినావు."

"మరి చెప్పలేదే?"

"చెప్పినా. మూడుసార్లు చెప్పినా." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. "మొదటిసారి నవ్వినావు. రెండోసారి, ఆడదానికి రంగులు తెలిసినంత మాత్రాన యాపారం తెలుస్తాదా అన్నావు. మూడోసారి రెండు రోజులు మాట్లాడలేదు. ఇంగ చెప్పడం మానేసి, నువ్వు నంబరు చూపించి పొయినాక చిన్నాయనా నేనూ కూర్చోని మార్చుకునేవాళ్ళం."

పదేండ్లు. తిరపతి షావుకారు మెచ్చుకున్న ప్రతి చీరా ఆమెది, ఆయనది. నేను ఇంటికొచ్చి ఆ మెప్పు ఆమెకే చెప్పేవాణ్ణి. ఆమె నవ్వి లోపలికి పొయ్యేది.

మూడో రోజు పలమనేరుకు పొయినాను. మొగిలి ఘాటు ఎక్కితే చలి తగిలింది. చిన్నాయన కూతురింట్లో నాలుగు బర్రెలు. ఆయన వాకిట్లో కూర్చోని గడ్డి కోస్తా ఉండాడు. నేను మొదట చూసింది ఆయన చేతులు. రంగు పొయి ఉన్నాయి. అందరి చేతుల మాదిరే ఉన్నాయి. అట్లాంటి చేతులు ఆయనవి నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

కాళ్ళ కాడ కూర్చోని డాక్టరు చెప్పిందంతా చెప్పినాను. "ఆ రోజు నువ్వు అడిగింది నిజం చిన్నాయనా. రెండూ నాకు ఒకటే. నేను తప్పు చేసినాను."

ఆయన కొడవలి పక్కన పెట్టి, "నాకంటే ముందు మీ నాయనకు తెలుసప్పా" అన్నాడు.

"మా నాయనకా?"

"నీకు ఏడెనిమిదేండ్లప్పుడు ఎర్ర చిలపలు తెమ్మంటే పచ్చవి తెచ్చినావు. కొట్టినాడు. మళ్ళీ తెమ్మంటే మళ్ళీ పచ్చవే తెచ్చినావు. మూడోసారి కొట్టలేదు. ఆ రోజంతా అన్నం తినలేదు మీ నాయన. నన్ను పిలిచి, వాడికి రంగు అందదు, ఎవురికీ చెప్పొద్దు, నువ్వు కనిపెట్టుకోని ఉండు, అన్నాడు. ఉన్నాను." ఆయన నా భుజం మీద చెయ్యి వేసినాడు. "తప్పు నీ ఒక్కడిదే కాదులే. ఆ రోజే నీకు చెప్పింటే, అడిగి చేసుకునేది నేర్చుకునేవాడివి. నిన్ను కాపాడతా ఉండామనుకున్నాము. మేము సరిచేసే కొద్దీ నీకు నీ మీద నమ్మకం పెరిగింది. చూడబోతే మేమే నిన్ను ఇట్లా తయారుచేసినాము."

నేను ఆయన్ని క్షమించమని అడగడానికి పొయినాను. ఆయన నన్ను అడుగుతా ఉండాడు.

షెడ్డులో పడున్న లాటు గురించి అడిగినాడు. ఏం చెయ్యాలో తోచడం లేదన్నాను. ఆయన ఆలోచించి, మొదటిసారి నవ్వినాడు. "నల్లగా ముంచెయ్. ముక్కలు చేసి నలుపు వెయ్. ఇంగ నెల పోతే అయ్యప్ప మాలలు వేసేవాళ్ళు మొదలవుతారు. అరవదేశం నుంచి మన దిక్కుకు బాగా పాకింది. నల్లపంచెలు ఎన్నయినా పోతాయి. నలుపు నీకు బాగా కనపడతాది కదా!"

ఇద్దరం నవ్వినాము. ఆయన కూతురు పాలు కాచి తెచ్చింది. చీరలన్నీ కత్తిరించి నల్లగా ముంచినాము. కొన్ని మరకలు పడినాయి, అంచు కాడ మందం తేడా తెలిసింది. అయినా శానా మటుకు పొయినాయి.

చిన్నాయన తిరిగి పనికి రానన్నాడు. మోకాళ్ళు నొప్పులు. కానీ రెండు వారాలు వచ్చి మా ఇంట్లో ఉండి, కుర్ర రంగులాయనకూ మా ఇంటామెకూ తనకు తెలిసిందంతా చెప్పి పొయినాడు. ఆ తర్వాత మా పద్ధతి మారింది. కొత్త లాటు మొదలుపెట్టే ముందు రంగు చిలపలు పెరట్లో ఎండలో వేలాడదీసేది. కండెలు చుట్టే ఆడోళ్ళు, మా ఇంటామె, అందరూ చూసి, ఏ ఒంటికి ఏ అంచో వాళ్ళు తేల్చేది. వాళ్ళు తేల్చినాకే నేను ఆడికి పొయ్యేది.

చెప్పడానికి తేలిక. మొదటిసారి వాళ్ళు ఎంచిన జత చూస్తే నాకు చచ్చినట్టు కనపడింది. చప్పగా, దుమ్ము పడినట్టు. "ఇదా?" అని నోటి దాకా వచ్చింది. మా ఇంటామె నా వైపు చూసింది. నేను నోరు మూసుకోని వీధి చివర టీ అంగడికి పొయి కూర్చున్నాను. నాకు కనపడదని తెలిసినంత మాత్రాన కనపడడం మొదలుపెట్టదు. ఇది నాకు అర్థం కావడానికే ఒక యేడు పట్టింది. ఆ పుస్తకంలో తొంభై ఏడు ఉండాదని తెలుసు, ఇప్పుడు తెరిచినా నాకు చుక్కలే. లోపల నుంచి ఏదో ఒకటి ఎప్పుడూ 'నీ కన్నే సరి' అనే చెప్తాది. దాని మాట విని, దాని మాట చొప్పున నడవకుండా ఉండడం, అంతే నేను చేయగలిగింది. ఆ చప్పటి జత తిరపతిలో పది రోజుల్లో అయిపొయింది. షావుకారు ఇంకా పంపమన్నాడు. "రంగు తెలిసినోడివప్పా" అంటే, ఈసారి ఆ ఎంపిక నాది కాదని, మా ఇంటామెదీ కండెలు చుట్టే ఆడోళ్ళదీ అని చెప్పినాను.

దాంతో ఇంకో సంగతి కూడా మొదలైంది. నాకు ఖాయంగా తెలుసుననుకున్న మాటలు ఒక్కొక్కటే తీసి చూసుకోబుద్ధి అయింది. పవర్‌లూము ఆడోళ్ళ వల్ల కాదు అని నేను ఎప్పుడూ అనేవాణ్ణి. కండెలు చుట్టే ఒకామె, మొగుడు పొయినామె, నాకూ ఒక మగ్గం ఇచ్చి చూడన్నా అని అడిగింది. కాదని చెప్పేదానికి నోరు తెరిచినాను. ఇది నాకు ఎట్లా తెలుసు, నేను యాడ చూసినాను, అని ఆగినాను. చూసింది లేదు. ఒక నెల చూద్దామన్నాను. నెలయ్యేసరికి ఆమె రెండు మగ్గాలు ఒకేసారి నడిపింది, పోగు తెగితే నాకంటే ముందు చూసి ఆపేది. ఊర్లో కొందరు నవ్వినారు. తర్వాత వాళ్ళ షెడ్లలో కూడా ఆడోళ్ళు చేరినారు.

మేనల్లుడు రెండేండ్లు తిప్పలు పడి, చిత్తూరు కోర్టులో గుమాస్తాగా చేరినాడు. రైలు సిగ్నలు తప్పు చూసి ఎంతమందిని చంపేవాణ్ణో మామా, అని ఒకసారి వాడే అన్నాడు.

కొన్నేండ్లకు, మా ఇంటామె మొక్కుంటే, ఇద్దరం అలిపిరి నుంచి కొండకు నడిచినాము. చీకటితోనే మొదలుపెట్టినాము. గాలిగోపురం దాటినాక ఆమె ఆయాసపడి మెట్టు మీద కూర్చుంది. ఎండ అప్పుడే ఎదురుగా ఉన్న బండల మీద పడతా ఉండాది. ఆమె ఉన్నట్టుండి "అబ్బా!" అనింది, నా చెయ్యి పట్టుకోని.

"ఏంది?"

"కొండ చూడు. ఎంత ఎర్రగా మారిపొయిందో!"

నాకు కొండ కొండగానే ఉన్నింది. రవ్వంత వెలుగు పెరిగింది, అంతే. ఒకప్పుడయితే ఏముందిలే, లెయ్ పోదాం అనేవాణ్ణి. ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది. మొదట అంచున పట్టుకుంది, ఇప్పుడు కిందికి దిగతా ఉండాది, ఆ చెట్ల కాడ ఆగింది, ఇంగ బంగారంలోకి తిరగతా ఉండాది అని. మా వెనక వచ్చిన జనం గోవిందలు పెట్టుకుంటా దాటిపొయినారు. ఆ రంగు పూర్తిగా పొయ్యేదాకా ఆమె చెప్తానే ఉన్నింది. నేను కొండ వైపు చూడలేదు. ఆమె మొగం చూస్తా విన్నాను.